రోచిషిన్ ఇనుప దండం: కునియోషి చిత్రాన్ని మళ్లీ చెక్కుతున్న ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్: ఏ చిత్రం, ఎందుకు

జపాన్ చిత్రకారుడు ఉతగావా కునియోషి 1827 ప్రాంతంలో ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, మొదలుపెట్టిన సుయికోడెన్ వీరుల వరుస నుంచి ఒక చిత్రాన్ని తీసుకుని, ఆ కాలపు పద్ధతిలోనే గీతల పలక చెక్కి, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలక తయారుచేసి, యంత్రం లేకుండా చేత్తో రుద్ది అచ్చు తీయడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. అమ్మకానికి ప్రతులు తీయాలన్న ఆలోచన లేదు. కునియోషి గీతకు అంత ఊపు ఎక్కడి నుంచి వచ్చిందో కళ్లతో ఎంత చూసినా నాకు తృప్తి కలగలేదు కాబట్టి, ఆ గీతను కత్తితో అనుసరించి తెలుసుకోవాలని మొదలుపెట్టాను.

సుయికోడెన్ అన్నది చైనా నవల షుయ్‌హూ జువాన్‌కు జపాన్‌లో స్థిరపడిన పేరు. సోంగ్ వంశపు హుయిజోంగ్ చక్రవర్తి కాలంలో, అవినీతి అధికారుల చేతుల్లో నలిగిపోయిన సైనికులు, జాలర్లు, గుమాస్తాలు, సన్యాసులు, దొంగలు ఒక్కొక్కరే షాన్‌డోంగ్ ప్రాంతంలోని లియాంగ్‌షాన్ చిత్తడి నేలలకు చేరి, సోంగ్ జియాంగ్ నాయకత్వంలో 108 మంది దండుగా మారడం అందులోని కథ. వారిలో 36 మంది స్వర్గ నక్షత్రాల అంశ, 72 మంది భూ నక్షత్రాల అంశ అని నవల చెబుతుంది. జపనీస్ భాషలోకి దీని అనువాదం 1757 నుంచి అచ్చవడం మొదలైంది. 1805లో రచయిత బకిన్ అనువాదం చిత్రకారుడు హొకుసాయి బొమ్మలతో వెలువడింది. కాబట్టి కునియోషి కుంచె పట్టే నాటికే ఎడో పాఠకులకు ఈ వీరులు బాగా తెలిసినవాళ్లు.

చైనా వీరులనే ఎంచుకోవడానికి మరో బలమైన కారణం కూడా ఉంది. పదహారో శతాబ్ది చివరి భాగం నుంచి ఉన్న జపాన్ యోధులను, వారి వంశాలను పేర్లతో బొమ్మల్లో చూపడాన్ని అప్పట్లో జపాన్‌ను ఏలిన తోకుగావా ప్రభుత్వం సహించేది కాదు. 1804లో పదహారో శతాబ్ది యోధ పాలకుడు హిదేయోషి జీవితాన్ని చిత్రించినందుకు చిత్రకారుడు ఉతమారో చేతులకు సంకెళ్లు పడ్డాయి. కునియోషి గురువైన మొదటి తోయోకుని కూడా అదే వ్యవహారంలో శిక్ష అనుభవించాడు. ఆ గురువు దగ్గర 1811 నుంచి శిక్షణ పొందిన శిష్యుడికి ఆ సంగతి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. సముద్రానికి అవతల, ఎన్నో శతాబ్దాల కిందట, అన్యాయం చేసే అధికారుల మీద తిరగబడిన వీరులను గీస్తే అభ్యంతరపెట్టడం కష్టం, జనానికి మాత్రం ఆ కోపం బాగా అందుతుంది. కగాయా కిచిఎమోన్ అనే ప్రచురణకర్త మొదట కొన్ని చిత్రాలే వేయించి, అవి విపరీతంగా అమ్ముడుపోవడంతో వరుసను కొనసాగించాడు. 108 మందీ పూర్తి కాలేదు గానీ, డెబ్బైకి పైగా చిత్రాలు నేటికి తెలుసు. పట్టు బట్టలకు రంగులద్దే వ్యక్తి కొడుకు, ముప్పై ఏళ్ల వయసు వచ్చేదాకా పెద్దగా పేరు రానివాడు, ఈ వరుసతో 'యోధుల చిత్రాల కునియోషి' అయ్యాడు.

నేను ఎంచుకున్నది లూ జిషెన్ చిత్రం. జపనీస్‌లో అతన్ని రోచిషిన్ అంటారు. వేజౌలో సైనికాధికారిగా ఉన్నప్పుడు, ఒక నిస్సహాయ తండ్రీకూతుళ్లను పీడిస్తున్న కసాయి జెంగ్‌ను మూడు గుద్దులతో చంపి, తప్పించుకోవడానికి వుతాయి పర్వతం మీద సన్యాసం తీసుకున్న మనిషి. సన్యాసి అయ్యాక కూడా తాగడం, కొట్లాడటం మానలేదు. కమ్మరి దగ్గరికి వెళ్లి వంద జిన్‌ల (జిన్ అంటే చైనా తూకపు కొలత) బరువున్న ఇనుప దండం కావాలని అడిగితే, గువాన్ యూ అంతటి వీరుడి కత్తే ఎనభై ఒక్క జిన్‌లు కదా అని కమ్మరి నచ్చజెప్పి, చివరికి 62 జిన్‌లకు ఒప్పిస్తాడు. ఆ దండమే ఈ చిత్రంలో ఉన్నది. అడవిపంది అడవిలో లిన్ చోంగ్‌ను చంపబోయిన ఇద్దరు కాపలాదారుల నుంచి మిత్రుణ్ణి కాపాడి, చాలా దూరం తోడు వెళ్లి, విడిపోయే ముందు ఆ ఇద్దరికీ బుద్ధి చెప్పడానికి దారి పక్కన ఉన్న దేవదారు జాతి చెట్టును ఒక్క దెబ్బతో విరగ్గొట్టే ఘట్టం అది. మీ తలలు ఈ చెట్టుకంటే గట్టివా అని అడిగి మరీ కొడతాడు. కునియోషి కాపలాదారులను వదిలేశాడు, లిన్ చోంగ్‌నూ వదిలేశాడు. మనిషి, దండం, చెట్టు మిగిలాయి. నా దృష్టిలో ఈ వరుస మొత్తంలో ఇంత పొదుపుగా చెప్పిన కోపం మరొకటి లేదు.

మే: చెక్క

ఎడో పలకలన్నీ కొండ చెర్రీ చెక్కవి. చెట్టును నిలువుగా కోసిన పలకల మీదే చెక్కేవారు. యూరప్‌లో పుస్తకాల బొమ్మలకు వాడిన అడ్డకోత దిమ్మెలకు భిన్నంగా, ఇక్కడ నార పొడవునా సాగుతుంది కాబట్టి, నారకు అడ్డంగా వెళ్లే సన్నగీతే చెక్కేవాడికి అసలు పరీక్ష. చెర్రీ చెక్క గట్టిది, నార సన్నం, రంధ్రాలు కనబడవు, నీళ్లు తగిలినా త్వరగా ఉబ్బదు. కాగితాన్ని వెనక నుంచి రుద్దే బరెన్ అనే పనిముట్టు ఒత్తిడిని వేల సార్లు తట్టుకుని గీత నిలబడటానికి ఈ గుణాలన్నీ కావాలి.

మన దగ్గర అచ్చుల చెక్క అనగానే గుర్తొచ్చేది పెడన. కలంకారీ అద్దకానికి అక్కడ టేకు చెక్క మీద అచ్చులు చెక్కుతారు కాబట్టి, ముందుగా ఆ పనివాళ్ల సలహా అడగడం సబబనిపించింది. రోచిషిన్ ముఖం ఉన్న భాగం నమూనా చూపిస్తే, అచ్చులు చెక్కే పెద్దాయన చాలాసేపు వేళ్లతో తడిమి చూసి, "ఇంత సన్నగీత టేకులో నిలబడదండీ, గుడ్డ మీదైతే రంగు కూరుకుపోద్ది కూడాను. దీనికి మా చెక్క కాదండీ," అన్నారు. ఆయన చెప్పింది నిజమే. టేకులో నార వరుసల మధ్య రంధ్రాలు పెద్దవిగా ఉంటాయి, పైగా చెక్కలోని సిలికా కత్తి అంచును త్వరగా మొద్దుబారుస్తుంది. కలంకారీలో అచ్చును చేత పట్టుకుని గుడ్డ మీద గుద్దుతారు. జపాన్ పద్ధతిలో పలక కింద కదలకుండా ఉంటుంది, కాగితం దాని మీదికి వస్తుంది. ఒత్తిడి ఎటు నుంచి వస్తుందన్నదే గీత మందాన్ని నిర్ణయిస్తుందని ఆ సంభాషణలో నాకు స్పష్టమైంది. అయినా ఆకారపు గీతకు ఒక అచ్చు, లోపలి రంగుకు మరో అచ్చు అనే ఆలోచన రెండు చోట్లా ఒకటే కావడం చూసి ఆ పెద్దాయన చాలా సంతోషించారు.

చివరికి గీతల పలకకు చెర్రీ పైపొర ఉన్న ప్లైవుడ్‌ను, రంగు పలకలకు జపాన్ నుంచి వచ్చే షీనా ప్లైవుడ్‌ను తెప్పించాను. షీనా మెత్తనిది, రంగు విశాలంగా పరచడానికి సరిపోతుంది. పరిమాణం ఓబన్, అంటే సుమారు 39 సెంటీమీటర్ల ఎత్తు, 26 సెంటీమీటర్ల వెడల్పు. కునియోషి వీరులందరూ ఈ కొలత కాగితంలోనే ఇమిడారు. సగానికి తగ్గించి చెక్కితే పని సులువయ్యేది గానీ, చేతి కదలిక కూడా సగమైపోయి ఆ గీత గురించి ఏమీ చెప్పలేని స్థితి వచ్చేది.

జూన్: గీతల పలక

ఎడోలో చిత్రకారుడు పలుచటి కాగితం మీద నల్ల గీతలతో బొమ్మ గీసి ప్రచురణకర్తకు ఇచ్చేవాడు. పరిశీలకుల ఆమోదముద్ర పడ్డాక ఆ కాగితాన్ని బొమ్మ వైపు కిందికి పెట్టి పలకకు అంటించేవారు. అన్నంతో చేసిన జిగురు ఆరాక, వెనక వైపు నారను వేళ్లతో సున్నితంగా రుద్ది తీసేస్తే గీతలు పైకి తేలేవి. ఆ కాగితంతో సహా చెక్కను కోసేసేవారు కాబట్టి, అచ్చుకు వెళ్లిన చిత్రకారుడి మూలచిత్రం ఆ పనిలోనే అంతమైపోయేది. ఈ విషయం చాలాకాలంగా తెలిసినదే అయినా, కాగితం అంటించిన పలక ముందు కత్తి పట్టుకుని కూర్చున్నాక దాని బరువు పూర్తిగా అర్థమైంది. కునియోషి గీత అని మనం మెచ్చుకునే ప్రతి గీతా చెక్కినవాడి గీత. కుంచె ఎక్కడ ఆగింది, ఎక్కడ వేగంగా లాగింది అని చదివి, దాన్ని చెక్కలోకి మార్చినవాడి పేరు ఈ చిత్రం మీద లేదు. 'ఇచియూసాయి కునియోషి' అన్న సంతకం ఉంటుంది, ప్రచురణకర్త గుర్తు ఉంటుంది, పరిశీలకుల ముద్ర ఉంటుంది. చెక్కినవాళ్ల, అచ్చు తీసినవాళ్ల పేర్లు ఉండవు. నాకు ఇది బాధ కలిగించే లోటు.

ఒక మ్యూజియం ఆన్‌లైన్‌లో స్వేచ్ఛగా అందుబాటులో ఉంచిన పెద్ద ఫోటో నుంచి నల్లగీతలను మాత్రమే విడదీసి, అసలు కొలతలో పలుచటి గాంపి కాగితం మీద ప్రింటు తీసి, అదే పద్ధతిలో పలకకు అంటించాను. నార తీసేశాక కొద్దిగా నూనె రాస్తే కాగితం గాజులా మారి గీత అంచు స్పష్టంగా కనబడుతుంది.

చెక్కడంలో మొదటి సూత్రం గీతకు రెండు వైపులా కత్తిని బయటికి వాల్చి కోయడం. అలా కోస్తే గీత అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండి, విరగకుండా నిలబడుతుంది. నిటారుగా కోసిన గీత అచ్చు తీసేటప్పుడు పక్కకు ఒరిగి ఊడిపోతుంది. కత్తిని పిడికిలితో పట్టుకుని, రెండో చేతి వేలితో దాని మొనను నడుపుతూ తన వైపు లాగాలి. వంపు వచ్చినప్పుడు కత్తిని తిప్పడంకంటే పలకను తిప్పడమే మేలు. ఎడో కార్ఖానాల్లో ముఖం, జుట్టు చెక్కే పని అనుభవజ్ఞులదీ, బట్టలూ నేపథ్యమూ చెక్కే పని చిన్నవాళ్లదీ. ఆ విభజన ఎంత న్యాయమైనదో రోచిషిన్ ముఖం దగ్గర తెలిసింది. ఆ ముఖం మీది వెంట్రుకల్లో ఏ ఒక్కటీ మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంలో ఉండదు. మొదట్లో మందంగా బయల్దేరి గాలిలోకి పోయేకొద్దీ సన్నగిల్లుతుంది. దాన్ని చెక్కాలంటే రెండు వైపులా కోతలు చివరన ఒకదాన్నొకటి కలుసుకోవాలి, కానీ ఒకదాన్నొకటి దాటకూడదు. దాటితే చివర విరుగుతుంది, కలవకపోతే వెంట్రుక మొద్దుగా కనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పినవి ముఖం వెంట్రుకలు కావు, చెట్టు పేళ్లు. దండం తగిలిన చోట బెరడు చీలి పేళ్లు ఎగిరే ఆ కాస్త జాగా అరచేతి వెడల్పు కూడా ఉండదు. దూరం నుంచి చూస్తే అది గందరగోళంలా ఉంటుంది. కత్తితో ఒక్కొక్క పేడునూ అనుసరిస్తూ పోతే, ఏ పేడూ పక్కదానికి సమాంతరంగా లేదని, అయినా అన్నీ ఒకే బిందువు నుంచి బయల్దేరాయని తెలుస్తుంది. ఆ బిందువు దండం అంచుకు కొద్దిగా కింద, చెట్టు లోపలి వైపు ఉంది. అంటే దెబ్బ తగిలిన చోటును కాకుండా, దెబ్బ దూసుకుపోయిన చోటును కునియోషి కేంద్రంగా పెట్టాడు. దండం చెట్టును తాకి ఆగినట్టు కాక, ఇంకా లోపలికి వెళ్తున్నట్టు కనబడటానికి కారణం ఇదేనని నా నమ్మకం. పేళ్ల మధ్య తెల్లజాగాలు ఒక్కొక్కటి బియ్యపు గింజంత కూడా లేవు. వాటిని చిన్న మొండి ఉలితో, చెక్కను పెకలించకుండా, పొరలు పొరలుగా తీయాల్సి వచ్చింది. విశాలమైన ఖాళీలను గుండ్రటి ఉలి, కొయ్య సుత్తితో చివర్లో తీశాను. చుట్టూ చెక్క ఉన్నంతసేపే సన్నగీతలకు రక్షణ ఉంటుంది కాబట్టి, ఈ క్రమం మార్చకూడదు.

పలక కింది అంచున కెంటో గుర్తులు చెక్కడంతో గీతల పలక పూర్తయింది. ఒక మూలన లంబకోణంలో ఒక గాడి, అదే అంచున కాస్త దూరంగా ఒక సరళరేఖ గాడి. కాగితం మూలను మొదటిదానిలో, అంచును రెండోదానిలో ఆనిస్తే, ఎన్ని పలకల మీద ఎన్నిసార్లు పరిచినా రంగు తన గీతలోనే పడుతుంది. 1765 ప్రాంతంలో చిత్రకారుడు హరునోబు కాలం నుంచి వచ్చిన బహువర్ణ అచ్చులన్నీ ఈ రెండు చిన్న గాడుల మీదే ఆధారపడి ఉన్నాయి.

జులై: నల్ల ప్రతులు, రంగుల విభజన

వర్షాలు పడటం ఈ పనికి కలిసి వచ్చింది. కాగితం తడిగా ఉండాలి, ఆ తడి మొదటి రంగు నుంచి చివరి రంగు దాకా ఒకేలా ఉండాలి. తడి తగ్గితే కాగితం ముడుచుకుంటుంది, అప్పుడు కెంటో ఎంత కచ్చితంగా ఉన్నా రంగు గీత దాటుతుంది. హైదరాబాద్‌లో మే నెలలో కిటికీ తెరిస్తే చాలు, కాగితం క్షణాల్లో ఆరిపోయేది. ఇప్పుడు తడిపిన అట్టల మధ్య పెట్టి, ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంచితే మర్నాటికి కూడా అదే తడి ఉంటోంది. అయితే ఈ వాతావరణంలో బూజు భయం ఉంది కాబట్టి, రాత్రి ఆ కట్టను ఫ్రిజ్‌లో పెడుతున్నాను.

కాగితం కోజో నారతో చేసినది. మల్బరీ జాతి చెట్టు బెరడు నుంచి వచ్చే పొడవాటి నార వల్ల ఎన్నిసార్లు రుద్దినా చిరగదు. రంగు పాకకుండా ముందే సరేసు, పటిక కలిపిన పలుచటి ద్రవం పూయాలి. సరేసు ఎక్కువైతే కాగితం రంగును తిరస్కరిస్తుంది, పటిక ఎక్కువైతే ఏళ్ల తర్వాత కాగితం పెళుసుబారుతుంది. మన వడ్రంగులు వాడే సరేసే ఇక్కడా పనికొచ్చింది.

పలక మీద సిరాను కుంచెతో పూసి, గంజి జిగురు చిన్న చుక్క కలిపి సమంగా పరిచి, కాగితం వేసి వెనక నుంచి బరెన్‌తో రుద్దాలి. వెదురు పొట్టును సన్నటి తాళ్లుగా పేని చుట్టగా చుట్టి, పైన వెదురు పొట్టుతోనే కప్పిన ఆ గుండ్రటి పనిముట్టులో ప్రతి తాడు ముడీ ఒక ఒత్తిడి బిందువు. జిగురు లేకుండా తీస్తే నలుపు మచ్చలు మచ్చలుగా పడింది, జిగురుతో తీస్తే నల్లటి పట్టులా నున్నగా వచ్చింది. మంచి ప్రతులు చేతికి వచ్చాక వాటిని రంగు పలకలకు అంటించాను. ఎడోలోనూ ఇదే పద్ధతి. నల్ల ప్రతుల మీద ఏ రంగు ఎక్కడ రావాలో చిత్రకారుడు ఒక్కొక్క కాగితం మీద ఒక్కొక్క రంగు గుర్తు పెట్టి ఇస్తే, చెక్కేవాళ్లు దాన్ని అనుసరించి ఆ పలకలు చెక్కేవారు. గీతల పలక మీద ఉన్న కెంటో గుర్తులు కూడా ప్రతి మీద పడతాయి కాబట్టి అన్ని పలకలకూ అవే గుర్తులు వస్తాయి.

ఆగస్టు: నీలం, ఎరుపు

ఈ వరుస వెలువడిన కాలం రంగుల చరిత్రలో ఒక మలుపు. బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ నీలం 1829 నుంచి ఎడో అచ్చుల్లో విరివిగా కనిపిస్తుంది. అంతకుముందు నీలానికి నీలిమందు గానీ, త్వరగా వెలిసిపోయే పూల రసం గానీ ఆధారం. అందువల్ల 1827 నాటి తొలి చిత్రాలకు నీలిమందు వాడటమే సముచితమని నిర్ణయించుకున్నాను. జపాన్ నీలి మొక్క వేరు, మన నీలి మొక్క వేరు, కానీ రెండింటిలోనూ రంగునిచ్చే పదార్థం ఒక్కటే. అందుకే మన దగ్గర దొరికే నీలిమందును మెత్తగా నూరి, నీళ్లతో కలిపి వాడాను. ప్రష్యన్ నీలం పక్కన పెట్టి చూస్తే నీలిమందు కాస్త మందకొడిగా, బూడిద ఛాయలో ఉంటుంది. రోచిషిన్ కోపానికి ఆ నిదానమైన రంగే సరిపోయిందని నాకు అనిపించింది. మెరిసే నీలం కంటిని దండం మీద నుంచి లాగేస్తుంది.

ఎరుపుకు ఎడోలో కుసుమ పూల రంగు, సీసపు సిందూరం రెండూ వాడేవారు. సీసం విషం కాబట్టి ఇంట్లో దాని జోలికి పోలేదు. వికారాబాద్ ప్రాంతంలో పండే కుసుమ పూరేకుల నుంచి ముందు పసుపు రంగును చన్నీళ్లతో కడిగి తీసేసి, మిగిలిన ఎరుపును క్షార జలంతో బయటికి తెచ్చి, పుల్లటి రసంతో పేరబెట్టే పద్ధతి ప్రయత్నిస్తున్నాను. గుప్పెడు పూలకు చిటికెడు రంగు వస్తోంది. ఒకే పలకల నుంచి తీసిన ఎడో ప్రతుల్లోనూ రంగులు తేడాగా ఉండటం మామూలే. ఎండ తగిలినవాటిలో ఈ ఎరుపు ముందుగా పోతుంది. అందువల్ల ఇప్పుడు మ్యూజియం ఫోటోలో కనిపించే లేత ఛాయను లక్ష్యంగా పెట్టుకోకుండా, కొత్తగా కొన్నవాడు చూసి ఉండే గట్టి రంగునే లక్ష్యంగా పెట్టుకున్నాను.

నేపథ్యంలో పై నుంచి కిందికి సన్నగిల్లే నీలం ఛాయ వేస్తున్నాను. దీన్ని బొకాషి అంటారు. చెక్కడంతో దీనికి సంబంధం లేదు, పూర్తిగా అచ్చు తీసేవాడి చేతి పని. పలకను తడిగుడ్డతో తుడిచి, కుంచెకు ఒక చివర మాత్రమే రంగు అంటించి, పలక మీద అడ్డంగా నడిపితే రంగు నీళ్లలోకి కరిగిపోతుంది. ప్రతి కాగితానికీ ఇది మళ్లీ మొదటి నుంచి చేయాలి. ప్రతి ప్రతిలోనూ ఛాయ కొద్దిగా మారుతుంది. అప్పటి పనివాడు వరుసగా ఎన్నో ప్రతుల్లో ఆ ఛాయను ఒకేలా నిలబెట్టాడంటే ఆ చేతికి నేను దండం పెడతాను.

సెప్టెంబర్: ఇప్పటి స్థితి

గీతల పలక, నీలం, బూడిద, చర్మపు ఛాయ పలకలు సిద్ధం. ఈ నాలుగింటితో తీసిన ప్రతిలో దండం చెట్టులోకి దిగుతున్న భావం వచ్చింది. అయితే బూడిద రంగు పేళ్ల మీదికి పాకిన చోట ఆ వేగం తగ్గుతోంది కాబట్టి, ఆ పలకలో పేళ్ల భాగాన్ని పూర్తిగా తీసేసి, కాగితపు తెలుపునే వదలాలని నిర్ణయించాను. ఎరుపు పలక చెక్కడం సగంలో ఉంది. పేరు రాసే పట్టీ అక్షరాలు గీతల పలకలోనే ఉన్నాయి, వాటి వెనక రంగు మాత్రమే మిగిలింది.

ఇది పూర్తయ్యాక ఇదే వరుసలోని షి జిన్ చిత్రం మొదలుపెడతాను. ఒంటి నిండా తొమ్మిది డ్రాగన్ల పచ్చబొట్టు ఉన్న యువకుడు అతను. నవలలో పచ్చబొట్టు ఉన్నవాళ్లు కొందరే అయినా, కునియోషి ఇంకొందరికి కూడా వేశాడు. ఆ చిత్రాలు చూసి ఎడో జనం తమ ఒంటి మీద అవే బొమ్మలు పొడిపించుకున్నారు. ఈ రోజుకీ జపాన్ పచ్చబొట్టు కళాకారులు ఈ వరుసను మాతృకగా వాడుకుంటారు. చర్మం మీద డ్రాగన్, దాని మీద కండరపు వంపు, రెండూ ఒకే గీతల పలకలో ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఉండాలి. అందుకు చెర్రీ పైపొర చాలదు. పూర్తి మందం ఉన్న అసలు చెర్రీ పలక ఒకటి ఆర్డరు పెట్టాను, అది వచ్చేలోగా ఎరుపు పలక ముగించాలి.